రెండంతస్తుల మంచం

"నా సంచి ఎక్కడ పెట్టావే?"

అమ్మ అద్దం ముందు నిలబడి జడ బిగించుకుంటోంది. ఆ బిగింపు చూస్తేనే తెలుస్తోంది, ఈ పూట ఇంట్లో ఎవరికీ మంచి మాట దక్కదని.

నాన్న తలుపు వెనక చూశాడు, బల్ల కింద చూశాడు, చివరికి నీళ్ల డ్రమ్ము మూత కూడా ఎత్తి చూశాడు. వడ్రంగికి పనిముట్ల సంచి కనపడకపోతే కాలూ చెయ్యీ ఆడవు.

"నిన్నే అడిగేది. సంచి ఏదీ?"

"నా దగ్గరే ఉంది. పిల్ల హాస్టల్లో చేరేదాకా నా దగ్గరే ఉంటుంది. మళ్లీ ఎవరి మంచాలు విప్పుతారోనని దాచాను."

"అది మంచం కాదని నిన్నటి నుంచీ చెబుతున్నానా?"

"మంచం కాకపోతే మరేంటి, ఉయ్యాలా?"

గుమ్మంలో కూర్చుని చెప్పులు తుడుచుకుంటున్న బొంగరానికి నవ్వొచ్చింది. ఆపుకుంది. నిన్న సాయంత్రం నుంచీ ఈ ఇంట్లో నవ్వడం నేరమైపోయింది.

బొంగరం ఆ పిల్ల అసలు పేరు కాదు. అసలు పేరు సర్టిఫికెట్లలో భద్రంగా ఉంది. చిన్నప్పుడు ఒక్కచోట నిలిచేది కాదని నాన్న చెక్కను తిప్పి చెక్కే లేత్ మిషను మీద బొంగరం ఒకటి చేసిచ్చాడు. ఆ బొంగరం ఎప్పుడో పోయింది, పేరు మాత్రం మిగిలింది. ఇప్పుడు కాలేజీలో సీటు తెచ్చుకున్నా, ఇంట్లో బొంగరమే.

నిన్న జరిగింది ఇంట్లో ముగ్గురికీ తెలుసు. అందులో ఇద్దరు అక్కడే ఉన్నారు. అయినా అమ్మ మళ్లీ మొదటి నుంచీ ఎత్తుకుంది. చూడనిది తనొక్కతే కాబట్టి అందరికంటే వివరంగా చెప్పగలుగుతోంది.

"కాలేజీ వాళ్లు ఏమన్నారు? మీ అమ్మాయికి మార్కులు బాగా వచ్చాయి, చదువుకున్నన్నాళ్లూ ఉండటానికి చోటు మేమే ఇస్తాం, మీరేమీ కట్టక్కర్లేదు, ఒకసారి వచ్చి మంచం చూసుకోండి అన్నారు. చూసుకోండి అన్నారు! విప్పుకోండి అనలేదు."

"పట్టె ఊగుతోందే."

"ఊగితే ఊగనివ్వాలి. దాని మీద మనమేమైనా ఇల్లు కడుతున్నామా?"

"పైన పడుకునేది నా కూతురు. కింద పడుకునేది ఇంకొకరి కూతురు."

జవాబు లేనప్పుడు అమ్మ దోవ మారుస్తుంది. "అయితే వార్డెన్‌కి నెమ్మదిగా చెప్పాలి. పానా తీసుకుని మీద పడిపోతారా? నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మీకు నోరూ ఆగదు, చెయ్యీ ఆగదు."

నాన్నకు ఆ జబ్బు పాతదే. ఎవరింటికి వెళ్లినా కుర్చీని రెండు చేతులతో పట్టుకుని ఊపి చూసి గానీ కూర్చోడు. ఒకసారి బ్యాంకులో మేనేజరు ఎదుటే మేనేజరు బల్లను ఊపి, "ఇది ఎక్కువ కాలం ఉండదండీ" అని చెప్పి వచ్చాడు. బల్ల ఇంకా అక్కడే ఉంది, మేనేజరే బదిలీ అయిపోయాడు. వీధిలో అందరూ ఆయన్ని గట్టి మేస్త్రి అంటారు. ఆ పేరు విని ఆయన లోపల్లోపల మురిసిపోతాడని బొంగరానికి తెలుసు.

నిన్న పాత బిల్డింగు చివరి గదిలోకి వార్డెన్ వచ్చేసరికి రెండంతస్తుల మంచం నేల మీద ముక్కలుగా పడి ఉంది. కింది మంచం అమ్మాయి తన పరుపు నెత్తిన పెట్టుకుని వరండాలో నిలబడి ఉంది. నాన్న మోకాళ్ల మీద కూర్చుని, పై మంచాన్ని మోసే పట్టె కొసను గోటితో గీరి చూపించాడు. గోడకు అవతల స్నానాల గదులు. చెమ్మ ఎక్కీ ఎక్కీ కర్ర పుచ్చింది, బోల్టు కన్నం వెడల్పయిపోయింది, ఎవరో అందులో అగ్గిపుల్లలు దోపి బంక పోశారు. "ఇది మంచమా తల్లీ?" అన్నాడు నాన్న. అక్కడితో ఆగినా బాగుండేది. "మా మంచాలు నచ్చకపోతే కొత్త బిల్డింగులో తీసుకోండి" అని వార్డెన్ అనగానే, అందరి ముందూ ఛాతీ విరిచి "తీసుకుంటాం!" అనేశాడు.

కొత్త బిల్డింగులో గదికి ఇద్దరే, ఇనప మంచాలు, కిటికీ తీస్తే చెట్లు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ స్కాలర్‌షిప్పు అక్కడ చెల్లదు. అది పాత బిల్డింగు మంచానికే. ఆ మంచం ఈ సాయంత్రంలోగా తీసుకోకపోతే, జాబితాలో తర్వాతున్న పిల్లకు వెళ్లిపోతుంది. ఒకసారి వదులుకున్నవాళ్లకు మళ్లీ ఇవ్వరు.

మేనత్త సరిగ్గా అప్పుడే వచ్చింది. నాన్నకు అక్క, దర్జీ. మెడలో టేపు లేకుండా ఆమెను ఎవరూ చూడలేదు. ఈ ఇంట్లో గొడవ జరిగితే ఆమెకు ఎవరూ కబురు పెట్టక్కర్లేదు, ఎలాగో తెలిసిపోతుంది.

"ఏరా తమ్ముడూ, హాస్టలు కూల్చేశావట?"

"కూల్చలేదక్కా. మంచం ఒక్కటే."

"సరే, మొదలైతే పెట్టావు."

ఆమె కూర్చోబోతుంటే నాన్న స్టూలును ఒకసారి ఊపి చూసి ముందుకు జరిపాడు. ఆ స్టూలు ఆయన చేసిందే.

"నా మాట వినండి," అంది అత్త. "మా ఇంటి నుంచి కాలేజీకి నడిచి వెళ్లొచ్చు. మేడ మీద గది ఖాళీగా పడి ఉంది. బొంగరం నా దగ్గర ఉంటుంది, నాతో పాటు నాలుగు మెతుకులు తింటుంది. ఆ వార్డెనూ వద్దు, ఆ స్కాలర్‌షిప్పూ వద్దు. ఎవరి కాళ్లూ పట్టుకునే పని లేదు."

"ఎన్నాళ్లు వదినా?" అంది అమ్మ.

"ఎన్నాళ్లేంటి? ఉన్నన్నాళ్లు."

"వచ్చే ఏడాది మీవాడికి పెళ్లి చేస్తానంటున్నారు కదా. కోడలొస్తే ఆ గది ఎవరికి?"

అత్త టేపు కొస వేలికి చుట్టుకుంది. మళ్లీ విప్పింది. "వచ్చే కోడలు మంచిదైతే సర్దుకుంటుంది."

"ఇంకా రాని కోడలి మంచితనం చూసుకుని చేతిలో ఉన్న స్కాలర్‌షిప్పు వదులుకోమంటారా?"

"నేను మంచికే చెప్పానమ్మా."

"చెడుకని నేనన్నానా?"

వీధిలో ఎవరో బకెట్టు ఈడ్చుకెళుతున్న చప్పుడు వినిపించింది.

"కొత్త బిల్డింగే," అన్నాడు నాన్న. "మాటన్నాక మాటే. లేత్ మిషను ఇమ్మని అడుగుతున్నవాడు ఒకడున్నాడు."

"మిషను ఇచ్చేసి?"

"కూలికి పోతాను. చేతులు అమ్మట్లేదుగా."

బొంగరం చెప్పు తుడవడం ఆపేసింది. ఆ మిషను కొనడానికి నాన్న పగలు ఒకరి షెడ్డులో, సాయంత్రం మరొకరి షెడ్డులో పనిచేయడం ఆమెకు గుర్తుంది. కొన్న రోజున ఆయన దాని మీద దుప్పటి కప్పి, మళ్లీ తీసి, మళ్లీ కప్పాడు.

అమ్మ అరుస్తుందని అందరూ చూశారు. అమ్మ అరవలేదు. అమ్మ అరిస్తే ఆ ఇంట్లో ఎవరికీ భయం లేదు, అరవకపోతేనే భయం.

"కళ్లజోళ్ల షాపులో పనిచేస్తున్నాను," అంది చివరికి, చేతిసంచి భుజాన వేసుకుంటూ. "వచ్చినవాళ్లందరికీ ఏ అద్దం పెడితే చూపు ఆనుతుందో చెబుతాను. ఇంట్లో మనిషికి ఏ నంబరు పెట్టాలో మాత్రం నాకు అంతు పట్టట్లేదు."

"ఇంతకీ ఆ పిల్లను అడిగారా?" అంది అత్త. "ఏమే బొంగరం, మేమే వాగుతున్నాం. ఉండేదానివి నువ్వు. నీకేది కావాలి?"

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

బొంగరానికి పాత బిల్డింగే కావాలి. ఆ సంగతి ఆమెకు నిన్న బస్సులోనే తెలుసు. అక్కడైతే ఎవరూ ఏదీ అమ్ముకోనక్కర్లేదు, ఎవరి కోడలి కోసమూ గది ఖాళీ చేయనక్కర్లేదు. కానీ ఆ మాట అత్త ముందు అంటే నాన్న మాటకు విలువ లేదన్నట్టే అవుతుంది.

"ఏదైనా పర్లేదు," అంది.

"అదొక సమాధానం!" అంది అమ్మ.

అప్పుడే ఫోను మోగింది. వార్డెన్. బొంగరం ఫోను పట్టుకుని మెట్ల మీదికి వెళ్లింది.

"పక్కన ఎవరైనా ఉన్నారా?" అంది వార్డెన్. నిన్నటి గొంతు కాదు, నెమ్మదిగా ఉంది.

"లేరు మేడమ్."

"మధ్యాహ్నం హాస్టళ్ల ఆఫీసరు వస్తున్నాడు. మంచం ఎందుకు విప్పారని మీ నాన్నను అడుగుతాడు. కర్ర పుచ్చిందని మీ నాన్న చెప్పాడనుకో, ఆ గదికి తాళం వేసేస్తాడు. తనిఖీ అయ్యేదాకా తీయరు. వేరే ఎక్కడా మంచం ఖాళీ లేదు. నీకూ చోటు పోతుంది, కింద ఉన్న అమ్మాయికీ పోతుంది."

"మంచం బాగాలేదు కదా మేడమ్?"

అవతల తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

"బాగాలేదు. ఆఫీసుకు ముందు చెప్పింది నేనే. తాళం వేస్తామన్నారు. పిల్లలు ఎక్కడికి పోతారు? నోరు మూసుకుని బంక పోశాను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నా ఉద్యోగం అలా ఉందమ్మా."

"మరి నాన్న ఏం చెప్పాలి?"

"మంచం బాగానే ఉంది, చూడబోయి విప్పాను, తప్పయింది అని. అంతే. తర్వాత బిగించేసి వెళ్లిపోవచ్చు. నీ స్కాలర్‌షిప్పు నీకుంటుంది."

ఫోను పెట్టేశాక కూడా బొంగరం మెట్ల మీదే కూర్చుంది. తప్పయిందని నాన్న అంటాడు. కష్టం మీదైనా అంటాడు. బాగుందని మాత్రం అనడు. అత్త ఇంట్లో తను చేసిన బీరువా తలుపే ఒకటి వంకర తేలిందని, ఎవరూ గమనించకముందే ఊడదీసి భుజాన వేసుకుని వచ్చి, మళ్లీ చేసి బిగించిన మనిషి. సొంత పనికే మొహమాటం లేనివాడు ఇంకొకరి పుచ్చు కర్రకు ఎలా వంత పాడతాడు?

ఇంటి పక్క షెడ్డులో నాన్న చీపురు పట్టుకుని చిత్రిక పట్టిన చెక్క పొట్టు ఊడుస్తున్నాడు. పనిముట్లు లేవు కాబట్టి చేయగలిగింది అదొక్కటే. ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తున్నాడు.

"నాన్నా."

"ఊఁ."

వార్డెన్ అన్నదంతా చెప్పింది. బంక సంగతి కూడా దాచలేదు. నాన్న చీపురు మీద గడ్డం ఆనించి విన్నాడు.

"నీకు నిజంగా ఏది కావాలి?"

"పాత బిల్డింగు."

"ఇందాక ఏదైనా పర్లేదన్నావ్?"

"అందరూ ఉన్నారుగా."

నాన్న నవ్వాడు. నిన్నటి తర్వాత ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. అయితే అట్టే సేపు నిలవలేదు.

"బాగుందని చెప్పాలా?"

"చెప్పు నాన్నా. ఈ ఒక్కసారికి."

ఆయన నేల మీది చెక్కముక్క ఒకటి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, కిటికీ మీద పెట్టాడు. "పుచ్చిందాన్ని పుచ్చిందనకపోతే మేస్త్రీ ఎందుకు, పనెందుకు?"

"మిషను అమ్మేస్తే నాకు చదువు ఎక్కుతుందా? నువ్వు ఎవరి షెడ్డులోనో కూలి పనిలో ఉంటే నేను ఆ ఇనప మంచం మీద నిద్రపోతానా?" అనుకోకుండా ఆమె గొంతు పెద్దదైంది. "నీ మాట నీకు ముఖ్యం. సరే. నాకు నువ్వు ముఖ్యం."

నాన్న లేత్ మిషను వైపు చూశాడు. దుప్పటి కొస జారి ఉంటే వెళ్లి సర్దాడు.

"ఒక పని చేద్దాం," అన్నాడు చివరికి. "నోటితో బాగుందంటాను. చేత్తో బాగుచేస్తాను. మంచి కర్ర పట్టె ఒకటి కోసి పట్టుకెళదాం, కొత్త బోల్టులూ పట్టుకెళదాం. ఆఫీసరు అటు వెళ్లగానే మార్చేస్తాను. అప్పుడు నేను చెప్పింది సాయంత్రానికల్లా నిజమైపోతుంది."

బొంగరానికి ప్రాణం లేచొచ్చింది. నాన్నకు ఇంత తెలివి ఉందని అమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

"రంపం కావాలంటే మీ అమ్మను అడగాలి," అన్నాడాయన.

అడగక్కర్లేకపోయింది. షాపుకు వెళ్లిందనుకున్న అమ్మ షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో సంచి. పరుపుల మధ్య దాచిందేమో, దాని మీద దూది పీచు అంటుకుని ఉంది. ఎంత సేపటి నుంచి ఉందో, ఎంత విన్నదో ఎవరూ అడగలేదు.

"ఇదిగో," అంది. "బిగించడానికి. విప్పడానికి కాదు."

సంచి ఆయన చేతికిచ్చి, వెళ్లబోతూ ఆగి, చొక్కా భుజం మీది పొట్టు దులిపింది. నాన్న ఏదో అనబోయేలోగా వీధిలోకి వెళ్లిపోయింది.

*

చివరి గదిలో మంచం ముక్కలు నిన్న పడేసిన చోటే ఉన్నాయి. గోడకు నడుం ఎత్తు దాకా చెమ్మ మరక. రెండు అలమరలు, ఒక బల్ల, ఒకటే కిటికీ. కింది మంచం అమ్మాయి చుట్టిన పరుపు మీద కూర్చుని చదువుకుంటోంది. ఇక్కడ చేరి ఏడాది అయిందట. నిన్న రాత్రి నేల మీదే పడుకుందట. అందుకు కోపమున్నట్టు కనపడలేదు.

నాన్న వరండాలో వార్డెన్‌తో మాట్లాడుతుంటే బొంగరం ఆ అమ్మాయి పక్కన కూర్చుంది.

"నీకు ఈ మంచం రాకపోతే ఎక్కడుంటావ్?" అంది ఆ అమ్మాయి.

"మా అత్త ఇల్లుంది. ఒక ఏడాది ఉండొచ్చు."

"నయమే. నాకైతే ఇది పోతే ఇంటికే. ఇంటికి వెళితే దుకాణంలో కూర్చోబెడతారు. మళ్లీ పంపరు." రేపు పరీక్ష ఉందన్నట్టుగా చెప్పి, పేజీ తిప్పింది.

హాస్టళ్ల ఆఫీసరు హడావిడిగా వచ్చాడు. చేతిలో తాళాల గుత్తి, చంకలో ఫైలు. చెడ్డవాడిలా లేడు, ఇంకా చాలా గదులు చూడాల్సినవాడిలా ఉన్నాడు. బల్ల దగ్గరి కుర్చీలో తను కూర్చుని, వార్డెన్ తెప్పించిన కుర్చీ నాన్నకు చూపించాడు.

నాన్న ఊపి చూడకుండా కూర్చున్నాడు.

బొంగరం తన జన్మలో అది చూడలేదు. ఆ కుర్చీ కొంచెం వంకరగా ఉందని గుమ్మంలో నిలబడ్డ తనకే తెలుస్తోంది.

"మీరేనా మేస్త్రి? మంచం ఎలా ఉంది?"

"బాగుందండీ."

"మరెందుకు విప్పారు?"

"అలవాటు. చూడబోయి విప్పేశాను. తప్పయింది."

నాన్న గొంతు ఎక్కడా తొణకలేదు. వేరెవరో చెప్పమన్న సంగతి అప్పగించినట్టు అప్పగించేశాడు. ఇక గండం గడిచినట్టే. సంతోషం కలగాలి కదా, బొంగరానికి సిగ్గేసింది. ఆయన మోకాళ్ల మీద పెట్టుకున్న చేతుల వైపు చూడలేక గోడ వైపు చూసింది.

"పెద్దమనిషి, ఒప్పుకున్నారు," అన్నాడు ఆఫీసరు. "గొడవ లేదు. బిగించండి మరి. చూసి సంతకం పెట్టి వెళతాను."

"మీకెందుకండీ శ్రమ? మీరు వెళ్లండి. నేను నిదానంగా బిగిస్తాను."

"నిన్నటి సంగతి విన్నాక బిగించింది చూడకుండా వెళ్లను."

నాన్న బొంగరం వైపు ఒకసారి చూసి లేచాడు. సంచి విప్పి పానా తీశాడు. గోడకు ఆనించిన కొత్త పట్టెను, ఏమీ పెద్ద విషయం కానట్టు, చేతిలోకి తీసుకున్నాడు.

"అదేంటి?"

"పట్టె అండీ. పాతదాని బదులు..."

"బదులెందుకు? బాగుందన్నారుగా?"

"బాగుందండీ. ఇది వేస్తే ఇంకా..."

"చూడండి మేస్త్రీ, ఇది కాలేజీ సామాను. బయటి కర్ర వేయడానికి వీల్లేదు, రేపు నన్ను అడుగుతారు. బాగుంటే ఉన్నదే బిగించండి. బాగాలేదంటారా, ఇప్పుడే చెప్పండి, గదికి తాళం వేసి తనిఖీకి రాస్తాను."

వార్డెన్ కిటికీలోంచి బయటికి చూస్తోంది. బయట చూడటానికి ఏమీ లేదు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాకపోతే ఈ నుయ్యి వాళ్లు ఇంటి దగ్గర కూర్చుని, కొలతలు చూసుకుని మరీ తవ్వుకున్నారు. నాన్న కొత్త పట్టెను మళ్లీ గోడకు ఆనించాడు. కింద పెట్టేటప్పుడు చప్పుడు కాకుండా పెట్టాడు.

మంచం కోళ్లు లేచాయి. కింది పట్టెలు బిగిశాయి, అవి మంచివే. బొంగరం అవతలి కొస ఎత్తి పట్టుకుంది. ఊహ తెలిసినప్పటి నుంచీ నాన్న పనిలో అవతలి కొస ఆమెదే. పై పట్టె ఒక వైపు కూర్చుంది. రెండో వైపు బోల్టు దూర్చి తిప్పితే అది పట్టలేదు. ఊరికే తిరిగింది.

నాన్న వంగాడు. నేల మీద నిన్న రాలిన అగ్గిపుల్లలు ఉన్నాయి, బంక ఎండి ఒకదానికొకటి అంటుకుని. వాటిని ఏరి, ఒక్కొక్కటీ కన్నంలో దోపి, బొటనవేలితో నొక్కాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మళ్లీ బోల్టు పెట్టి తిప్పితే ఈసారి పట్టినట్టే పట్టింది.

"అయిపోయిందా?" అన్నాడు ఆఫీసరు, ఫైలు తెరుస్తూ.

కింది మంచం అమ్మాయి పరుపు ఎత్తుకుని దగ్గరికి వచ్చింది. కింది మంచం మీద పరవడానికి ఒక కొస వంచి, పైకి చూసింది.

"గట్టిగా ఉంటుందా అంకుల్?"

నాన్న చెయ్యి దానంతటదే పట్టె మీదికి వెళ్లింది. ఊపింది. ఎక్కడో లోపల కర్ర కిర్రుమంది. ఆయన నోరు తెరిచాడు. ఆఫీసరుతో అంత సులువుగా వచ్చిన మాట ఇప్పుడు రాలేదు. కూతురి వైపు చూశాడు.

ఆ చూపులో కోపం లేదు. అడుగుతున్నాడు, అంతే. మాట ఇచ్చింది ఆమెకు. ఆమె వద్దనేదాకా తప్పడు. మాటన్నాక మాటే.

బొంగరం ఆయన చేతిలోంచి పానా తీసుకుంది. బోల్టుకు తగిలించి వెనక్కి తిప్పింది. అగ్గిపుల్లలు రెండు ఆమె కాలి మీద రాలాయి.

"ఏం చేస్తున్నావమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"విప్పుతున్నానండీ. ఇది ఉండదు. బాగుందని మా నాన్నతో చెప్పించింది నేనే."

ఆఫీసరు ఫైలు మూశాడు. ఎవరినీ తిట్టలేదు. గుత్తిలో ఒక తాళంచెవి వెతికి తీసి, వార్డెన్ వైపు చెయ్యి చాచాడు. వార్డెన్ గుమ్మం పక్క మేకుకు వేలాడుతున్న తాళంకప్ప తీసి ఇచ్చింది.

"సామాన్లు బయట పెట్టండి," అన్నాడాయన. "ఇద్దరివీ."

నాన్న ఒక్క అడుగులో వచ్చి బొంగరం భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చేతి బరువుకు ఆమెకు ధైర్యం వచ్చింది. సరైన పనే చేశాననుకుంది. పక్కకు తిరిగి చూసింది.

కింది మంచం అమ్మాయి కదల్లేదు. పరుపు ఇంకా చేతుల్లోనే ఉంది.

"నిన్నెవరు చెప్పమన్నారు?"

"నువ్వే అడిగావుగా," అంది బొంగరం. "గట్టిగా ఉంటుందా అని."

"ఏడాది నుంచీ దాని కింద పడుకున్నాను. నాకు తెలియదా?" అంది ఆ అమ్మాయి. "ఉంటుందని చెబుతారని అడిగాను."